ఐదో బొట్టు

నీలమ్మను చంపింది ఆమె కోడలు ఉమాశ్రీ. పుప్పాలగూడలోని ఆ ఇంట్లో అది తేలిపోయిన విషయం. దాని మీద వాదన లేదు, సాక్ష్యం అక్కర్లేదు. దేంతో చంపిందో కూడా అందరికీ తెలుసు... చిటికెడు కుంకుమతో!

నీలమ్మ పోయి రెండు నెలలు దాటింది. ఆమె భర్త రాజయ్య కోడలి చేతి ముద్ద ముట్టలేదు. వరండాలో కిరసనాయిలు స్టవ్ పెట్టుకుని తన అన్నం తానే వండుకున్నాడు. కోడలు తెచ్చిన మంచినీళ్ళ చెంబు అక్కడే ఉండేది, సాయంత్రం ఆమే తీసి మొక్కలకు పోసేది. "మామయ్యగారూ" అని పిలిస్తే పలకడు. ఆయనకు కుడి చెవి వినపడదు కనుక ఉమాశ్రీ ఎప్పుడూ ఎడమవైపు నిలబడే పిలిచేది. వినపడేది. పలికేవాడు కాడు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పెళ్ళయిన ఏడాదైనా తిరగలేదు... ఏ ఇంట్లో దీపం పెట్టాలని వచ్చిందో ఆ ఇంట్లోనే హంతకురాలై కూర్చుంది!

అసలు ఆ ఫొటో సంగతి చెప్పాలి.

డెబ్భై ఒకటి యుద్ధంలో రాజయ్య ఫిరంగి దళంలో ఉన్నాడు. ఒక పత్రికాయన సరిహద్దుకు వచ్చి, ఫిరంగి పక్కన నిలబడ్డ ఐదుగురు కుర్రాళ్ళను ఫొటో తీశాడు. ఒకడి భుజం మీద గుండు, ఇంకొకడి చేయి గొట్టం మీద. ఎవడో ఏదో హాస్యమాడినట్టున్నాడు, ఐదుగురూ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. ఆ ఫొటో పేపర్లలో వచ్చింది, పుస్తకాల్లోకీ ఎక్కింది. పెద్ద ఆఫీసరు ఒకాయన ఐదు ఇళ్ళకూ తలా ఒక కాపీ పంపాడు. అది పుప్పాలగూడ చేరేసరికి నలుగురు లేరు. నీళ్ళ డబ్బాలు పట్టుకుని వెనక్కి వెళ్ళిన రాజయ్య తిరిగి వచ్చి చూస్తే ఫిరంగీ లేదు, మనుషులూ లేరు. ఒక చెవి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాడు. తర్వాత ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు.

అట్టకు అంటించిన ఆ ఫొటోను నీలమ్మ వంటింటి గూట్లో, దేవుళ్ళ పక్కన పెట్టుకుంది. ప్రతి శుక్రవారం దేవుళ్ళకు పెట్టాక చనిపోయినవాళ్ళకూ కుంకుమ పెట్టేది. రాజయ్య ఆ గూటి వైపు చూసేవాడు కాడు. ఒకసారి కూడా చూడలేదు.

మాఘమాసంలో ఉమాశ్రీ కోడలిగా వచ్చింది. కాకినాడ వైపు పిల్ల. తండ్రి బుల్లిబాబు సచివాలయంలో గుమస్తా. ఉమాశ్రీకి హైటెక్ సిటీలో కొత్తగా లేచిన గుండ్రటి మేడలో ఒక కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. ఆ ఆఫీసుకు గుర్తింపు కార్డులు అచ్చువేసి ఇవ్వడానికి వచ్చిన ఓంకార్‌ను ఇష్టపడింది. ఓంకార్ రాజయ్యకు ఒక్కడే కొడుకు, హఫీజ్‌పేటలో చిన్న ప్రింటింగ్ షాపు నడుపుతున్నాడు. "ఆంధ్ర పిల్ల మనకెందుకు?" అన్నాడు రాజయ్య. నీలమ్మే అడ్డం పడింది. "పిల్లది నవ్వు మొకం. మనింట్ల నవ్వెటోళ్ళు ఎవలున్నరయ్యా?" అంది. అంతే, పెళ్ళి జరిగిపోయింది.

ఎండాకాలం చివర, టీవీలో కార్గిల్ కొండల మీద ఫిరంగులు పేలుతున్న రోజులు. ఒక శుక్రవారం పొద్దున అత్తగారు పెరట్లో ఉండగా, ఉమాశ్రీకి ఒక మంచి బుద్ధి పుట్టింది. ఇంత గొప్ప ఫొటో పొగచూరిన గూట్లో ఎందుకు? తీసి దుమ్ము దులిపింది. ఐదు నుదుళ్ళ మీదా వెలిసిపోయిన ఎర్రటి మరకలు. వాటి మీదే చింతగింజంత బొట్లు దిద్దింది, తమ వైపు దిద్దినట్టు. మల్లెపూల దండ వేసి ముందుగదిలో గోడకు తగిలించింది. అందులో తన మామగారు ఉన్నాడని ఆమెకు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఐదుగురికీ బొట్లున్నాయి, ఐదుగురూ నవ్వుతున్నారు. ఆ పళ్ళ వరస ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ చూడలేదు!

బయటినుంచి వచ్చిన రాజయ్య గోడ ముందు నిలబడిపోయాడు.

"నన్ను సంపినవా?"

కేక విని నీలమ్మ తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. గోడను చూసింది, భర్త ముఖం చూసింది, కోడల్ని చూసింది. ఏదో అనబోయింది. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. ఉన్నచోటే కూలిపోయింది. దవాఖానలో కూడా ఆ నోరు మాట కోసం కొట్టుకుంటూనే ఉంది... మాట రాకుండానే పోయింది.

"అత్తయ్య పెట్టిన చోటే పెట్టాను మామయ్యగారూ! పాత మరకలు ఐదున్నాయి!" అని ఉమాశ్రీ కాళ్ళ మీద పడి ఏడ్చింది. రాజయ్య అప్పటికే ఆ ఐదో బొట్టును తడి వేలితో, గోటితో గోకి పారేశాడు. కాగితం పొర లేచి, నవ్వే ముఖం మీద తెల్లటి మచ్చ మిగిలింది.

"మెడల పుస్తెలుండంగ నా పెండ్లాం నాకు సచ్చినోని బొట్టు పెడ్తదా? నోరు ముయ్యి!"

నీలమ్మ చెల్లెలు పోచమ్మ నార్సింగి నుంచి ప్రతి మాసికానికీ వచ్చి అదే పాట పాడింది. "మొగని నెత్తిన సావు బొట్టు చూస్తే ఏ ఆడిది బతుకుతది? మా అక్క గుండె పలిగింది!" పాడగా పాడగా ఉమాశ్రీకే అనుమానం వచ్చింది. మరకలు నిజంగా ఐదున్నాయా? నాలుగేనా? నేనే పెట్టానా...?

ఇదీ సంగతి.

ఆ ఏడు ఆగస్టు పదిహేను ఆదివారం పడింది. కంపెనీ వాళ్ళు శుక్రవారమే జెండా బిళ్ళలు, మిఠాయిలు పంచారు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ప్రతి బల్ల మీదా ఒక అట్టపెట్టె ఉంది. అందులో మౌస్ ప్యాడ్, పెన్ స్టాండ్, పేపర్ వెయిట్, టీ కప్పు కింద పెట్టుకునే గుండ్రటి బిళ్ళ. అన్నిటి మీదా సైనికుల పాత ఫొటోలు. ఉమాశ్రీ తన పెట్టె ఇంకా విప్పలేదు. పక్క బల్ల దగ్గర రసజ్ఞ అప్పుడే టీ తాగి కప్పు పెట్టింది. కప్పు పక్కనుంచి ఒక ఫిరంగి గొట్టం, దాని మీద ఒక చేయి కనపడ్డాయి.

ఉమాశ్రీ ఆ కప్పు ఎత్తింది. ఐదుగురూ నవ్వుతున్నారు! ఐదు ముఖాల మీదా గుండ్రంగా టీ మరక.

"ఏంటే ఉమా, నా ఎంగిలి కప్పు పట్టుకుని అలా నిలబడ్డావు?"

ఎంగిలి! పోయినవాళ్ళ ముఖాల మీద ఎంగిలి... ఉమాశ్రీ చీర కొంగుతో ఆ బిళ్ళ తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. ఐదు నుదుళ్ళ మీదా, నలుపు తెలుపు అచ్చులో, ఆవగింజంత చుక్కలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... గొట్టం మీద చేయి వేసిన మామగారి నుదుటి మీద ఐదోది. గోకిన తెల్ల మచ్చ లేదు. చింతగింజంత బొట్టు లేదు. సన్నటి చుక్క.

ఆ ఆఫీసుకు అచ్చుపని చేసిపెట్టేది ఓంకారే. ఉమాశ్రీ ఫోను దగ్గరికి వెళ్ళి హఫీజ్‌పేట షాపుకు చేసింది.

"మామయ్యగారి ఫొటో ఎప్పుడు కాపీ తీశారు?"

"ఏ ఫొటో ఉమా?"

"అబద్ధం వద్దండీ. బిళ్ళ నా చేతిలో ఉంది."

"జనవరిల," అన్నాడు ఓంకార్. "అమ్మ గుళ్ళెకు పోయినప్పుడు తీస్కపోయి మల్ల పెట్టేసిన. రిపబ్లిక్ డేకు ఆఫీసులల్ల అమ్ముదామనుకున్న. అప్పుడెవ్వలు కొనలే. ఇప్పుడు యుద్ధమొచ్చె, మీ కంపెనీవాళ్ళే మిలిటరీ ఫొటోలు కావాలన్నరు... బాపుకు తెలిస్తే నన్ను ఇంట్ల ఉండనియ్యడు. జర చెప్పకు ఉమా, నీ కాళ్ళు మొక్కుత!"

"మన పెళ్ళి మాఘంలో కదండీ. జనవరిలో నేనింకా ఆ గడప తొక్కలేదు."

అవతల ఓంకార్ యంత్రం ఆపేసిన చప్పుడైంది.

"కంప్యూటర్లో పెద్దది చేసినప్పుడు ఆ ఐదో నుదురు చూశారా?"

"...చూసిన."

"చూసి కూడా, ఇన్నాళ్ళూ నన్ను..."

ఆమె ఫోను పెట్టేసింది. గోడకు తల ఆనించుకుంది కానీ ఏడవలేదు. ఆ ఇంట్లో ఏడవాల్సిందంతా ఏడ్చేసింది. తాను చంపలేదు! ఆ మాటకు రుజువు తన పిడికిట్లో ఉంది. ఇంటికి వెళ్ళి మామగారి ముందు విసిరేస్తే చాలు, తన మీద పడ్డ మచ్చ పోతుంది. కానీ ఎవరి మీద పడుతుంది? భర్త మీద పడితే పడనీ, పడదగ్గవాడే. అత్తయ్య మీద పడుతుంది! పుస్తెలు మెడలో ఉండగా మొగుడికి చావు బొట్టు పెట్టిన ఆడదని ఊరంతా అంటుంది. పోచమ్మే మొదట అంటుంది. ఎందుకు పెట్టిందో చెప్పుకోవడానికి ఆమె లేదు. ఆ రోజు నోరు తెరిచింది చెప్పడానికే... చెప్పలేకపోయింది. 'నేను బతికున్నాను. మాటలు పడగలను. ఆమె పడలేదు,' అనుకుంది ఉమాశ్రీ. అలా అనుకున్నాక ఇక వెనక్కి తిరగలేదు.

మొదట ఎంగిలి ఆపాలి. అన్ని బిళ్ళల మీదా అదే ఫొటో. బల్ల బల్లకూ వెళ్ళి బిళ్ళ అడగడం మొదలుపెట్టింది.

"ఏంటే, ఫ్లోరంతా ఊడ్చి పాత సామాన్లవాడికి వేస్తావా?" అంది రసజ్ఞ.

"మౌస్ ప్యాడ్ ఉంచుకోండి, పెన్ స్టాండ్ ఉంచుకోండి. చెయ్యి ఆనితే తప్పు లేదు. ఈ బిళ్ళ ఒక్కటీ ఇచ్చెయ్యండి."

కొందరు నవ్వారు, కొందరు ఇచ్చారు. మేనేజరు శ్యామ్ గదిలోంచి బయటికి వచ్చాడు. "ఇది కంపెనీ ఇచ్చిన గిఫ్ట్ ఉమాశ్రీ. దేశభక్తి కోసం ఇచ్చాం. మీరిలా ఎలా తీసుకుపోతారు?"

"మీ నాన్నగారి ఫొటో మీద ఎంగిలి కప్పు పెడతారా సార్?"

"మా నాన్నగారు ఇందులో లేరుగా!"

"మా మామగారు ఉన్నారు సార్."

ఎవరూ నవ్వలేదు. శ్యామ్ వెనక్కి వెళ్ళి, తన బల్ల మీది కప్పు తీసి, చేతిరుమాలుతో బిళ్ళను తుడిచి తెచ్చి ఇచ్చాడు. తర్వాత అడగాల్సిన పని లేకపోయింది. రసజ్ఞే తక్కిన బల్లల దగ్గరికి వెళ్ళి పోగుచేసి తెచ్చింది. సంచీ నిండింది. ఉమాశ్రీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో ఇల్లు చేరి, బియ్యం డబ్బా వెనక దాచింది. పోయినవాళ్ళ ముఖాలను చెత్తలో వేయకూడదు. పాత దేవుడి పటాల్లాగే పారే నీళ్ళలో కలపాలి. ఆదివారం పొద్దున నార్సింగి దగ్గర మూసీలో కలిపేసి వస్తే ఎవరికీ తెలియదు.

ఆదివారం పొద్దున్నే పోచమ్మ దిగింది.

"ఏందే కోడలా, సంచి సదురుకున్నవ్? పుట్టింటికా?" అంది గడపలోనే. "పో, పో. మా అక్కను సాగనంపితివి. ఇగ నువ్వు కూడ పోతే ఇల్లు సాఫ్ అయితది."

"కాదు చిన్నత్తయ్యా. ఇప్పుడే వచ్చేస్తాను."

"సంచిల ఏముందో సూపియ్యరాదు మరి? మా అక్క ఎండి కంచాలున్నయా?" పోచమ్మ సంచీ పట్టుకుని లాగింది. పిడి తెగింది. బిళ్ళలు, కొన్ని టీ మరకలతోనే, వరండా అంతా చెదిరిపోయాయి. ఒకటి దొర్లుకుంటూ పోయి, స్టవ్ ముందు కూర్చున్న రాజయ్య పాదం దగ్గర పడబోయింది. కాలు తగలకుండా ఆయన చేత్తో పట్టుకున్నాడు.

చూశాడు. చాలాసేపు చూశాడు.

"సూడు బావా, సూడు!" పోచమ్మ గుండెలు బాదుకుంది. "నీ మొకం మీద చాయ్ కప్పులు పెట్టిచ్చింది! సంపింది సాలక..."

ఓంకార్ లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఉమాశ్రీ అతని వైపు చూడలేదు. మామగారి ఎడమవైపుకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నేనే ఇచ్చాను మామయ్యగారూ. ఆఫీసులో మిలిటరీ ఫొటోలు అడిగితే ఇచ్చాను. తప్పైపోయింది. అందుకే తీసుకుపోయి నీళ్ళలో..."

"ఎప్పుడిచ్చినవ్?"

రెండు నెలల్లో ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది.

"ఈ మధ్యనే..."

రాజయ్య బిళ్ళను వెలుతురుకు పట్టాడు. బొటనవేలు ఆ ఐదో నుదుటి మీద ఆగింది. "ఈ నడుమ అయితే ఇక్కడ కాయితం లేచి ఉండాలె. నేను గోకిన. ఇందుల గోకింది లేదు." వేలు తీశాడు. "బొట్టుంది. ఇంత సన్న బొట్టు నీది గాదు. నువ్వు పెట్టేది రాగి పైసంత ఉంటది."

"మామయ్యగారూ, వదిలెయ్యండి... నేనే అన్నాను కదా!" ఇప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకు. దాచిందంతా చేతిలోంచి జారిపోతుంటే వచ్చిన ఏడుపు.

"బాపూ," అన్నాడు ఓంకార్. "నేను తీసిన. జనవరిల. ఆమె రాకముందు. ఆమెకు ఏం తెల్వది."

"అయితే ఈ బొట్టు సంగతి నీకు ఎర్కే?"

ఓంకార్ తల వంచుకున్నాడు.

"ఎర్కుండి, ఈ పిల్ల మీద మన్ను పోస్తుంటే సూస్కుంట కూసున్నవ్."

అది ప్రశ్న కాదు. రాజయ్య కొడుకు వైపు మళ్ళీ చూడలేదు. ఆ రోజంతా ఓంకార్‌తో ఎవరూ మాట్లాడలేదు. అది న్యాయమే.

పోచమ్మకు అప్పటికి అర్థమైంది. "ఏందీ? మా అక్క పెట్టిందా? మొగడు బతికుండంగ? మా అక్క గసొంటిది గాదు బావా! పుస్తెలున్న ఆడిది గా పని చేస్తదా?"

"చేసింది. నేనే చేయించిన."

స్టవ్ మీద అన్నం పొంగి చుయ్యిమంది. ఎవరూ దించలేదు. రాజయ్య బిళ్ళ మీది ముఖంతో మాట్లాడుతున్నట్టు, తల ఎత్తకుండా చెప్పాడు.

"యుద్ధమైనంక నేను వచ్చిన్నాడు నీలమ్మ దర్వాజ కాడ నిలబడి సూసింది. నీళ్ళియ్యలే, ఏడ్వలే. ఊకె నా మొకం సూసింది. 'మీ ఐదుగుర్ల ఒక్కలన్న రాకపోతిరి' అన్నది. నేనొచ్చిన గదనే అన్న. మాట్లాడలే. అప్పుడు నాకు సమజ్ గాలే."

ఉమాశ్రీకి ఆ గూటి ముందు నిలబడ్డ అత్తగారి వీపు కళ్ళకు కట్టింది. ప్రతి శుక్రవారం, సన్నటి బొట్టు... పెళ్ళినాడు ఆమె వైపు చూసి నవ్విన ఆ పాత రాజయ్యకు. అతడు యుద్ధంలోనే పోయాడు. పోయినవాడికి ఏడవడానికి వీల్లేదు, ఎందుకంటే మొగుడు వరండాలో బతికే ఉన్నాడు! పోయినవాడికి బొట్టు పెట్టి, ఉన్నవాడికి అన్నం పెట్టి, ఇద్దరితో ఒక కాపురం చేసిందా తల్లి! ఎవరికైనా చెప్పుకుందా? ఎవరికి చెప్పుకుంటుంది? అందుకేనేమో, నవ్వు ముఖం పిల్ల కావాలని కొట్లాడి తెచ్చుకుంది... తెచ్చుకున్న పిల్లే ఆ గుట్టును తీసి గోడకు తగిలించింది.

పోచమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే వంగి బిళ్ళలు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ ఏరి, కొంగుతో తుడిచి, ఉమాశ్రీ చేతికి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేదు.

సంచీ రాజయ్యే మోశాడు. మూసీ దాకా ఇద్దరూ నడిచారు, ఉమాశ్రీ ఆయన ఎడమపక్కన. దారిలో బడి పిల్లలు కాగితపు జెండాలు పట్టుకుని పోతున్నారు. నీళ్ళ దగ్గర రాజయ్య ఒక్కో బిళ్ళనూ కళ్ళకద్దుకుని వదిలాడు. నలుగురి పేర్లూ చెప్పాడు. ఐదో పేరు చెప్పలేదు. కోడల్ని క్షమించమని అడగలేదు. అడగడం ఆయనకు చేతకాదు. ఆమె దానికోసం ఎదురుచూడలేదు కూడా. ఇంటికి వచ్చాక ఉమాశ్రీ చెంబుతో నీళ్ళు తెచ్చి అలవాటుగా గట్టు మీద పెట్టబోయింది. ఆయన చేయి చాపి అందుకున్నాడు. తాగాడు. ఖాళీ చెంబు తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు.

ఆ సాయంత్రం వరండాలో స్టవ్ కనపడలేదు.

శుక్రవారం వచ్చింది. ఫొటో మళ్ళీ వంటింటి గూట్లోకి చేరింది. ఉమాశ్రీ తలస్నానం చేసి, దీపం పెట్టి, ఉంగరపు వేలితో కుంకుమ తీసుకుంది. అత్తగారి లెక్కనే, ఆవగింజంత. ఒకరికి, ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి పెట్టింది. ఐదో ముఖం దగ్గర, ఆ తెల్లటి మచ్చ దగ్గర, వేలు ఆగిపోయింది. వేలు మీద కుంకుమ అలాగే ఉంది. వెనక అలికిడైంది. రాజయ్య వంటింటి గడప మీద నిలబడి ఉన్నాడు. గూటి వైపే చూస్తున్నాడు.

"వానికి గూడ పెట్టు," అన్నాడు.

"మామయ్యగారూ..."

"మీ అత్త ఆపలే. నువ్వు ఆపకు."

ఉమాశ్రీ ఆ తెల్ల మచ్చ మీద పెట్టింది. ఇటు తిరిగేసరికి ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "అత్తయ్య ఆ రోజు మీతో చెప్పాలనే..." అనబోయింది.

"సాలు. ఈ ముచ్చట ఇయ్యాల్టితోని ఖతం. ఎవ్వలు నన్ను అడగొద్దు, నేను చెప్ప."

అలాగే చెప్పలేదు. తర్వాత ఎవరైనా, బంధువులు గానీ ఫొటో కోసం వెతుక్కుంటూ వచ్చిన పేపరువాళ్ళు గానీ ఆ మాట ఎత్తితే, రాజయ్య లేచి వెళ్ళిపోయేవాడు కూడా కాదు. కూర్చున్నచోటే మెల్లగా తల తిప్పి, తన కుడి చెవిని వాళ్ళవైపు పెట్టేవాడు.